ప్రేమవిందు ప్లేట్లు కాల్చొద్దన్నందుకు ఇంట్లో, సంఘంలో మాట పడ్డాను

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరి నుంచి ఒక చెల్లెమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. భర్తకు ఊళ్ళో కిరాణా షాపు ఉంది, ఆయన సంఘపెద్ద కూడా. డెబ్బై కుటుంబాల క్రైస్తవ సంఘం. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రేమవిందు పెడతారు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు అన్నీ వాళ్ళ షాపు నుంచే పోతాయి. తిన్నాక యౌవనస్థులు అంతా ఊడ్చి మందిరం వెనక గుంతలో పోసి అంటిస్తారు, గాలికి లేచినవి పక్కనున్న కుంటలో పడతాయి. అత్తమ్మకు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయి మంచం మీదే ఉంటుంది, ఆ పొగకు రాత్రంతా దగ్గుతుంది. సంక్రాంతి తర్వాత వాళ్ళ పాడి బర్రె మేత మానేసి, పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. ఇన్సూరెన్స్ కోసం డాక్టర్ కోసి చూస్తే లోపల రెండు చేతులకు పట్టనంత ప్లాస్టిక్ ముద్ద. అందులో తమ షాపులో అమ్మే కవర్లను ఆమె గుర్తుపట్టారు.

ఆ మరుసటి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, "మనం దేవుని మందిరం వెనకనే దేవుడు చేసిన భూమిని పాడు చేస్తున్నాం, ఇది పాపం" అని ఏడుస్తూ చెప్పారు. పాస్టర్ అయ్యగారు అక్కడే, "ఈ భూమి ఎట్లాగూ కాలిపోయేదే అని వాక్యం చెబుతోంది, మన పని ఆత్మల రక్షణ" అన్నారు. ఒక పెద్దాయన, "ఇవి చెట్టుకూ పుట్టకూ మొక్కేవాళ్ళ మాటలు" అన్నారు. ఇంటికొచ్చాక భర్త, "నా షాపు గురించి నలుగురిలో నా పరువు తీశావ్" అని, రెండు వారాలుగా సరిగ్గా మాట్లాడడం లేదు. ఆమె అడిగేది మూడు ప్రశ్నలు. ఇది నిజంగా విశ్వాసానికి సంబంధించిన విషయమా, నా పిచ్చా? నేను తప్పు చేశానా? వేరే సంఘానికి పోవాలా?

చెల్లెమ్మా, వందనాలు.

ముందు మీ బర్రె గురించి. నాలుగు పేజీల్లో మీరు దాని గురించి రాసింది ఐదారు వాక్యాలే, కానీ ఉత్తరం మొత్తం అక్కడి నుంచే వచ్చిందని నాకు అనిపించింది. రోజూ మీ చేత్తో పాలు పిండి, కుడితి పెట్టిన జీవం కడుపులో మీ షాపు కవర్లు చూడడం చిన్న దెబ్బ కాదు. ఆ ఆదివారం మీరు మాట్లాడిన మాట ఆ దెబ్బ నుంచి వచ్చింది. అందుకే ఆ మాటలో ఉన్న నిజాన్ని, అది బయటకు వచ్చిన తీరును వేరుచేసి చూద్దాం. అవి కలిసిపోవడం వల్లే ఇప్పుడు మీ ఇంట్లో ఇంత టెన్షన్.

ఇది విశ్వాసానికి సంబంధించినదే. అనుమానం పెట్టుకోకండి. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు నరుణ్ణి ఏదెను తోటలో పెట్టింది "సేద్యపరచుటకును దాని కాచుటకును" అని ఉంది. కాయడం అంటే ఏమిటో మన ఊళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మంచె మీద కూర్చొని చేను కాస్తాం, కట్టె పట్టుకొని బర్రెలు కాస్తాం. కాసేవాడు ఏమరితే చేను పోతుంది. ఆరాధన చివర మీ అయ్యగారు చేతులెత్తి "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని దీవిస్తారు కదా, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోని ఆ మాటకూ, తోటను కాయమన్న మాటకూ హీబ్రూలో ఒకటే క్రియ ఉంది. ఆయన మనల్ని ఎట్లా కాస్తాడో, ఆ భూమిని అట్లా కాయమన్నాడని నేను అర్థం చేసుకుంటాను.

ఇక "కాలిపోయేదే" అన్న మాట. అయ్యగారు వాక్యం తప్పు చెప్పలేదు, రెండో పేతురు మూడో అధ్యాయంలో "భూమియు దానిమీదనున్న కృత్యములును కాలిపోవును" అని ఉంది. కానీ పేతురు అక్కడ ఆగలేదు. ఇవన్నీ ఇట్లా లయమైపోయేవి కాబట్టి మీరు ఇంకా ఎంత పరిశుద్ధంగా, ఎంత భక్తితో బతకాలి అని అడిగాడు, ఆ తర్వాత నీతి నివసించే క్రొత్త భూమి కోసం కనిపెడుతున్నాం అన్నాడు. అంటే పోయేది కదా అని వదిలేయమనలేదు, పోయేది కాబట్టి జాగ్రత్తగా ఉండమన్నాడు. మన రైతుల భాషలో చెప్పాలంటే ఇది కౌలు చేను. లేవీయకాండం 25లో దేవుడే అంటాడు, ఆ భూమి నాదే, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అని. వచ్చే ఉగాదికి కౌలు అయిపోతుందని చేనులో గాజుపెంకులు పోసి పోయేవాణ్ణి మీ ఊళ్ళో ఎవరైనా మంచి కౌలుదారు అంటారా? ఆసామి వచ్చి చూసేది ఆ చేనునే.

మీ అత్తమ్మ నడుము గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఒక తరం మొత్తం ఆ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని అంటారు, మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో నీళ్ళలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు, ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. మన జిల్లా పేరు అట్లా లోకానికి తెలిసింది. ఆ ఫ్లోరైడ్ ఎవరూ కలిపింది కాదు, కింద రాతిలో ఉన్నదే, తెలియక తాగారు. కానీ మందిరం వెనక గుంతలో బూడిద మనం తెలిసి, మన చేతులతో పోస్తున్నది. నేలలో ఉన్నది నీళ్ళలోకి, నీళ్ళలో ఉన్నది ఒంట్లోకి ఎట్లా వస్తుందో మీ ఇంట్లో మంచం మీదున్న మనిషిని చూస్తే చాలు. ఆ జిల్లాలో ఉండి మనం కూడా నేల మీద అజాగ్రత్తగా ఉంటే ఎట్లా?

ఇంకో మాట. హైదరాబాద్ మురుగు మూసీలో కలిసి మన జిల్లా పొలాలకు పారుతోందని మనందరికీ కోపం. ఆ కోపం న్యాయమే. యెహెజ్కేలు 34లో దేవుడు ఇదే అడుగుతాడు, మీరు తేట నీళ్ళు తాగింది చాలక మిగిలిన నీళ్ళను కాళ్ళతో కలక చేయాలా, నా గొర్రెలు ఆ కలక నీళ్ళు తాగాలా అని. మీ కుంట కింద రెండెకరాలో మూడెకరాలో ఎవరో ఒకరు సాగు చేస్తుంటారు కదా, ఆ రైతుకు మీ సంఘం పైనున్న ఊరు అవుతుంది. అయ్యగారితో మాట్లాడేటప్పుడు భూగోళం వేడెక్కడం గురించి కాకుండా ఆ ఒక్క రైతు గురించి మాట్లాడండి. పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి ఎవరూ కాదనరు.

"చెట్టుకూ పుట్టకూ మొక్కేవాళ్ళ మాటలు" అన్న పెద్దాయన మీద కోపం పెంచుకోకండి. బహుశా ఆయన తరంలో రక్షణ పొందడం అంటే ఊరి చెట్టు దగ్గరి మొక్కులు వదిలి రావడం, దానికి ఇంట్లో, ఊళ్ళో ఎంత పడి ఉంటారో మనకు తెలియదు. ఆ భయం వట్టిది కాదు. మొక్కడం వేరు, కాయడం వేరు అని ఆయనకు నిదానంగా చెప్పవచ్చు. యుద్ధంలో ఊరిని ముట్టడి వేసినా పండ్ల చెట్లు నరకొద్దని ద్వితీయోపదేశకాండం 20లో ఉంది. చెట్టుకు మొక్కొద్దన్న గ్రంథంలోనే చెట్టును నరకొద్దని కూడా ఉంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. మీ సంఘంలోకి ప్లాస్టిక్ ప్లేటు ఎందుకు వచ్చిందో మీరు ఆలోచించారా? ఉత్తరంలో ఆ మాట లేదు. నాకు తెలిసి రెండు కారణాలు. మొదటిది గిన్నెలు తోమడం. నూటయాభై, రెండువందల ప్లేట్లు తోమాలంటే ఎవరు తోమాలి? ఆడవాళ్ళే. పొద్దున వండి, వడ్డించి, మళ్ళీ నాలుగు గంటల దాకా బండ మీద కూర్చొని తోమి, అవీ నీళ్ళు దొరకని రోజుల్లో. ప్లాస్టిక్ ప్లేటు వచ్చాక ఆ ఆడవాళ్ళకు మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం నడుము వాల్చే వీలు దొరికింది. ఇప్పుడు మీరు లేచి స్టీలు ప్లేట్లు తెద్దాం అంటే వాళ్ళకు వినబడేది సృష్టి సంరక్షణ కాదు, మళ్ళీ తోముడు. మీ సాక్ష్యానికి ఆడవాళ్ళు కూడా ఎవరూ ఆమేన్ అనలేదని రాశారు, కారణం ఇదేనేమో చూడండి.

రెండోది చెప్పడానికి బాధగా ఉంటుంది కానీ చెప్పాలి. మన నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో చాలా చోట్ల హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితులైన మనవాళ్ళకు వేరే గ్లాసు, తాగి కడిగి పెట్టి పోవాలి. అది చూసి పెరిగిన పెద్దలకు, ఎవరూ ముట్టని కొత్త గ్లాసు చేతికి ఇవ్వడంలో ఒక గౌరవం ఉంది. అందరికీ ఒకటే, కొత్తది. మీకు చెత్తగా కనబడే ఆ గ్లాసు కొందరి కళ్ళకు మర్యాద. అది తెలియకుండా వాళ్ళతో వాదిస్తే మాటలు దారి తప్పుతాయి. అయితే అందులోనే మీకు ఒక బలమైన మాట కూడా ఉంది. ప్రభువు సంస్కారంలో అందరం ఒకే పాత్రలోది తీసుకుంటాం కదా, అట్లాగే సంఘం సొంత స్టీలు ప్లేట్లలో, ఎవరు ఏ ప్లేటులో తిన్నారో చూడకుండా అందరూ తిని, ఆడా మగా అందరూ కడిగితే, రెండు గ్లాసులు చూసిన ఊళ్ళో అంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? కొరింథు సంఘంలో విందు జరిగే తీరు బాగోలేదని, కొందరు తిని కొందరు ఆకలితో ఉంటున్నారని పౌలు గట్టిగానే రాశాడు. విందు ఎట్లా పెట్టుకుంటామనేది ఆత్మీయ విషయం కాదని ఎవరైనా అంటే ఆ అధ్యాయం చదవమనండి, మొదటి కొరింథీ 11.

సరే, ఏం చేయవచ్చు?

ఒకటి, ఎవరి ప్లేటు, గ్లాసు వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకొని వాళ్ళే కడిగి తీసుకుపోవడం. ఖర్చు లేదు, ఎవరి నడుమూ విరగదు. కానీ పేద కుటుంబాల వాళ్ళు పాత ప్లేటు తేవడానికి చిన్నబుచ్చుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్ళకు ప్లేటు ఉండదు, మూడు నెలల్లో సగంమంది మరిచిపోయి వస్తారు. యాభై ప్లేట్లు అదనంగా మందిరంలో ఉంటేనే ఇది నడుస్తుంది.

సంఘమే స్టీలు ప్లేట్లు కొనడం ఇంకో దారి. ఒక్కో కుటుంబం పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో ఇచ్చే కానుకను నాలుగు ప్లేట్ల రూపంలో ఇవ్వమంటే ఏడాదిలో సమకూరుతాయి. ఇందులో కష్టం ఖర్చు కాదు, తోముడు. దానికి ముందే ఒప్పందం కావాలి: నెలకు పది కుటుంబాల వంతు, భార్యాభర్తలిద్దరూ రావాలి, మొదటి వంతు సంఘపెద్దలది. అది ఒప్పుకోకపోతే స్టీలు ప్లేట్ల మాట ఎత్తకండి, భారమంతా మళ్ళీ అక్కల మీదే పడుతుంది. నీళ్ళకు భయపడనక్కర్లేదు, ఎంగిలి తీసేసి, బూడిదతో రుద్ది, రెండు గంగాళాల్లో ముంచి తీస్తే కొళాయి కింద కడిగినదాంట్లో సగం కూడా పట్టవు, ఆ నీళ్ళు మందిరం పక్కన రెండు మునగ చెట్లకు పోతాయి.

విస్తర్లు మూడో దారి. మోదుగాకు విస్తర్లు దేవరకొండ వైపు తండాల్లో ఇప్పటికీ కుట్టేవాళ్ళు ఉంటారు, నాలుగు రూపాయలు వాళ్ళకూ దొరుకుతాయి, తిన్నాక పెంటకుప్పలో వేస్తే ఎరువైపోతాయి. కానీ చూసి కొనండి. ఇప్పుడు మార్కెట్లో వచ్చే చాలా విస్తర్లకు, పేపర్ ప్లేట్లకు వెనక పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు, పేపర్ గ్లాసు లోపల కూడా అదే పొర. పేపర్ కదా అని అంటిస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

ఇవేవీ ఇప్పుడే కుదరకపోతే, కనీసం కాల్చడం ఆపించండి. ఇదొక్కటి మాత్రం మెత్తగా అయినా సరే పట్టుబట్టి అడగండి. ప్లాస్టిక్ కాలిన పొగ పిల్లలకు, మీ అత్తమ్మలాంటి వాళ్ళకు విషం. బయట చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. గ్రామ పంచాయతీ ట్రాక్టర్ చెత్తకు వస్తుంది కదా, సోమవారం పొద్దున దానికి సంచులు ఇచ్చేలా యౌవనస్థులకే బాధ్యత అప్పగించండి. కాల్చొద్దని వాళ్ళను తిట్టడం కంటే, వాళ్ళకు యోహాను సువార్త ఆరో అధ్యాయం చదివించండి. అది కూడా ఒక విందే. ఐదువేలమంది తిన్నాక యేసు ప్రభువు శిష్యులతో "ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడి" అన్నాడు, పన్నెండు గంపలు నిండాయి. అంత అద్భుతం చేసిన తర్వాత కూడా ఆయన మిగిలినదాన్ని ఎత్తించాడు. నాకు ఆ వచనం చదివిన ప్రతిసారీ మన ప్రేమవిందు అయ్యాక మందిరం ఆవరణ ఎట్లా ఉంటుందో గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంటుంది.

మీ ఆయన విషయానికి వస్తాను. నలుగురిలో, సాక్ష్యం లేచి, "పాపం" అన్న మాట వాడి మాట్లాడారు, అందరికీ తెలుసు ఆ ప్లేట్లు ఎవరి షాపువో. మీరు ఆయన్ని అనలేదు, కానీ ఆయనకు తగిలింది. మీరు అన్న విషయానికి క్షమాపణ చెప్పనక్కర్లేదు. ముందు ఇంట్లో ఆయనతో మాట్లాడకుండా అక్కడ చెప్పినందుకు మాత్రం చెప్పండి. ఆ రెండిటినీ కలపకండి, "నేను అన్నదంతా తప్పే" అనకండి, అది నిజం కాదు, రేపు మీకే మంట పుడుతుంది. ఇంకొకటి గమనించారా, ఆ బర్రె ఆయనది కూడా. కడుపులో ముద్ద ఆయన కూడా చూశారు. మీరు ఏడ్చారు, ఆయన మాట్లాడడం మానేశారు. ఆయన మౌనంలో కోపం ఎంతో, సిగ్గు ఎంతో, బాధ ఎంతో మీరు దగ్గరుండి చూడాలి, నేను దూరం నుంచి చెప్పలేను.

షాపు మాట కూడా తీయాలి, కానీ లెక్కల భాషలో. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణ థర్మకోల్ అమ్మడం దేశమంతటా నిషేధం. 120 మైక్రాన్ల కంటే పల్చటి కవర్లు ఆ ఏడాది డిసెంబర్ 31 నుంచి నిషేధం. ఎవరూ అడగడం లేదు కాబట్టి నడుస్తోంది, అడిగిన రోజు జరిమానా సంఘం కట్టదు, ఆయనే కట్టాలి. ఉన్న సరుకు హోల్‌సేల్ వాళ్ళకు తిప్పి పంపగలరేమో చూడమనండి. దాని బదులు రెండు వందల స్టీలు ప్లేట్లు, గ్లాసులు, నాలుగు గంగాళాలు కొని కిరాయికి ఇవ్వవచ్చు, మీ ఊళ్ళో చిన్న ఫంక్షన్లకు టెంట్‌హౌస్ దాకా పోనక్కర్లేకుండా. మొదటి ఏడాది ప్లేట్ల అమ్మకంలో వచ్చినంత రాకపోవచ్చు, నేను దాచిపెట్టి చెప్పను. పోయేది ఎంతో ఇద్దరూ కూర్చొని కాగితం మీద వేసుకోండి. ఆ లెక్క చూశాక కూడా ఆయన వద్దంటే, కొన్నాళ్ళు మీ ఇంటి మట్టుకు, మీ పిల్లల మట్టుకు చేసుకోండి, గుడ్డసంచి, పెరట్లో ఎరువు గుంత, ఇంటి మీద పడ్డ వాన నీళ్ళకు ఇంకుడు గుంత. అది ఓడిపోవడం కాదు.

వేరే సంఘానికి పోవడం గురించి. పోవచ్చు, ఎవరూ ఆపలేరు. కానీ మీ ఆయన అక్కడ పెద్ద, పిల్లల సండేస్కూల్ అక్కడ, పైగా కొత్త సంఘంలో కూడా మొదటి ఆదివారం ఇవే ప్లేట్లు కనబడతాయి. అయ్యగారు మిమ్మల్ని అందరి ముందు కాదన్నారు, అది కూడా సరైన తీరు కాదు. కానీ ఒక్క మాటతో ఆయన్ని కొట్టివేయకండి. ముందు ఆయన దగ్గరికి కాకుండా ఆయన భార్య, అమ్మగారి దగ్గరికి పోండి. డెబ్బై ఇళ్ళకు అన్నం వండించేది ఆమె, ఆ పొగ మందిరం పక్కనే ఉన్న ఆమె ఇంట్లోకీ పోతుంది. స్త్రీల కూడికలో మొదట తోముడు గురించి మాట్లాడండి, తర్వాత ప్లాస్టిక్ గురించి. ఆ ఆడవాళ్ళు ఒప్పుకున్నాక అయ్యగారి దగ్గరికి ఒక్కరు కాదు, పదిమంది పోతారు. ఆయనను సెప్టెంబర్‌లో ఒక్క ఆదివారం ఆదికాండం రెండో అధ్యాయం మీద వాక్యం చెప్పమని అడగండి. సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 దాకా లోకంలో చాలా సంఘాలు సృష్టి కోసం ప్రార్థన చేస్తున్నాయి, సెప్టెంబర్ 1 ప్రార్థనను ఆర్థడాక్స్ వాళ్ళు 1989లో మొదలుపెట్టారు, తర్వాత కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కలిశారు. మీ పిచ్చి మీ ఒక్కరిదే కాదని అందుకే చెబుతున్నాను.

ఇవన్నీ నెమ్మదిగా జరిగేవి. ఒక్క పనికి మాత్రం తొందర ఉంది. వానలు మొదలైతే ఆ గుంతలోని బూడిద, సగం కాలిన కవర్లు అన్నీ కుంటలోకి కొట్టుకుపోతాయి. ఈ శనివారం నాలుగు సంచులు, రెండు పారలు తీసుకొని ఆ గుంత ఎత్తించండి, ఎవరూ రాకపోతే మీరూ పిల్లలూ ఎంత వీలైతే అంత, ముక్కుకు గుడ్డ కట్టుకొని. సంచులు పంచాయతీ చెత్త యార్డు దాకా చేర్చడానికి షాపు ఆటో కావాలి. దాని కోసం మీ ఆయన్ని అడగండి. రమ్మని అనకండి, ఆటో ఇవ్వమనే అడగండి.